నూనె తాగే వ్యాను

ఈ దీవుల్లో పుట్టిన మన పిల్లలకి తెలుగు మాట్లాడడం వచ్చినంత బాగా చదవడం రాదు. కాబట్టి దీన్ని అమ్మచేతో అమ్మమ్మచేతో చదివించుకుని వినేవాళ్ళే ఎక్కువమంది ఉంటారని నాకు తెలుసు. ఫరవాలేదు. నాకూ రాయడం అంతంతమాత్రమే. నా చేతికి పానా అలవాటు గానీ పెన్ను అలవాటు లేదు. అయినా ఈ ఒక్క సంగతీ ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు కడుపుబ్బరం తగ్గేలా లేదు. ఇప్పటికీ తలుచుకుంటే కూర్చున్నచోట కూర్చోలేను. మా ఆవిడ అయితే, నేను ఈ కథ మొదలుపెట్టగానే వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఆమె ఎన్నిసార్లు విన్నదో నాకే తెలియదు.

నేను మెకానిక్కుని. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చాను. ఇప్పుడు దీన్ని శ్రీ విజయపురం అనాలట. బోర్డులు మారాయి, నా నోరు ఇంకా మారలేదు. చాతం వెళ్ళే రోడ్డు పక్కన ఒక షెడ్డులో నా ఉద్యోగం మొదలైంది, అక్కడే అయిపోయింది. యజమాని ఏడాదిలో సగం చెన్నైలోనే ఉండేవాడు. దాంతో షెడ్డుకి రాజులం మేమిద్దరమే, నేనూ మా తమిళ భయ్యా. ఆయన హిందీలో మాట్లాడి తమిళంలో తిట్టేవాడు. నేను హిందీలో మాట్లాడి తెలుగులో తిట్టేవాణ్ణి. ఎవడేమన్నాడో రెండోవాడికి పూర్తిగా అర్థమయ్యేది కాదు కాబట్టి అన్నేళ్ళూ కలిసి పనిచేయగలిగాం. టీ తాగకముందు ఒక గొడవ, తాగాక ఒక గొడవ. మధ్యలో ఇంజన్లు.

ఇక అసలు సంగతి. అది నేను రిటైరయ్యే ముందు మాట. ఒక గురువారం పొద్దున్న షెడ్డు ముందుకి ఒక వ్యాను వచ్చింది. వచ్చింది అంటే, ముందు పొగ వచ్చింది, తర్వాత వ్యాను కనిపించింది. నీలిరంగు పొగ. టీ కొట్టువాడు గిన్నె మీద మూత పెట్టేశాడు. ముక్కుతూ మూలుగుతూ వచ్చి ఆగింది. నడుపుతున్నది ఒక ఆడపిల్ల. పక్క సీట్లో వాళ్ళ నాన్న, కాళ్ళు రెండూ ముందుకి తన్నిపెట్టి, తనే బ్రేకు తొక్కుతున్నట్టు కూర్చుని ఉన్నాడు.

వాళ్ళది మిన్నీ బే. మనవాళ్ళే, చేపల వేట. అతనికి ఒక బోటుంది. జెట్టీ నుంచి చేపలు బజారుకి చేర్చడానికి ఈ వ్యాను కొన్నాడు. ఉన్న డ్రైవరు పని మానేసి మెయిన్‌లాండ్ వెళ్ళిపోతే, అప్పటికే లైసెన్సు తీసుకుని ఉన్న కూతురు తాళాలు అందుకుంది. అందుకుంది అనడం తప్పు, లాక్కుంది. ఆ పిల్లని చూస్తే ఎవరికైనా ఆ సంగతి తెలిసిపోతుంది. బండి దిగాక కూడా తాళంచెవి గుప్పిట్లోంచి వదల్లేదు.

"భయ్యా, నానొకటే మాట సెప్తాను," అన్నాడు తండ్రి దిగుతూనే. "డ్రైవరు నడిపినన్నాళ్ళూ బండి బంగారం. ఈ గుంట సేతికొచ్చినకాడి నుంచీ పొగే పొగ. గేరు మార్సడం రాదు, క్లచ్చు తొక్కడం రాదు. ఇంజన్ని తినీసింది."

"గేరు మార్చడం వచ్చు నాన్నా. లైసెన్సు ఊరికే ఇచ్చేస్తారేటి?" అని, ఆ పిల్ల నావైపు తిరిగింది. "అంకుల్, మండే స్కూలువాళ్ళు బండి చూస్తారు. మా వీధి పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్ళే పని. పొగ రాకూడదంతే. పొగ లేకపోతే పని నాదే. హో జాయేగా నా?"

"ఇంజన్ ఇప్పాలంటే మాత్రం ఇప్పొద్దు భయ్యా," అన్నాడు తండ్రి. "ఎలాగున్నాదో అలాగే అమ్మేత్తాను. ఇది మల్లీ మార్కెట్లో వాళ్ళమ్మ పక్కన కత్తిపీట ముందు కూకుంటాది. సేపలు కొయ్యడానికి లైసెన్సు అక్కర్నేదు."

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు రాలేదు. నావైపు చూసింది, అంతే. ఇంజన్ విప్పకుండా సోమవారానికి ఆ పొగ ఆపాలి, లేకపోతే ఆ పిల్ల స్టీరింగు ముందు కూర్చోవడం ఇదే ఆఖరు. షెడ్డుకి వచ్చే బళ్ళన్నీ బళ్ళే, కానీ అప్పుడప్పుడూ ఒక బండి వెనక ఒక మనిషి వేలాడుతూ వస్తారు. ఇది అలాంటిది.

సీటెత్తాం. ఆ రకం వ్యానులో ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పి గుడ్డ మీద వరుసగా పెట్టాను.

ఇక్కడ ఒక్క ముక్క పని సంగతి చెప్తాను, ఓపికపట్టండి. డాక్టరు నాలుక చాపమన్నట్టు మేం ప్లగ్గు బయటికి తీస్తాం. ప్లగ్గు మీద నూనె కనిపిస్తే కంగారుపడి ఇంజన్ పోయిందనకూడదు. నూనె ఎక్కడుందో చూడాలి. పైభాగం తడిసి కొస పొడిగా ఉంటే, ఇంజన్ మూత కింద రబ్బరు పాడై పైనుంచి కారుతోందన్నమాట. అది పూటలో అయిపోయే పని. అదే కొస, నిప్పురవ్వ పుట్టే చోటు, నల్లగా నూనె పట్టి జిడ్డోడుతుంటే, లోపల మంటలోకే నూనె వస్తోందన్నమాట. అది చెడ్డ కబురు.

మూడు ప్లగ్గులూ పైన పొడిగా ఉన్నాయి. మూడింటి కొసలూ ఆవకాయలో ముంచి తీసినట్టున్నాయి.

తండ్రి వెనకనుంచి తొంగిచూసి "సెప్పానా," అన్నాడు.

డిప్ స్టిక్ లాగాను. ఆయిల్ ఎంతుందో చూసే ఇనుపపుల్ల, మీకు తెలిసిందే. దాని పిడికి రంగు వెలిసిన ఎర్రదారం, దానిమీద పసుపు మరక. బండికి పూజ చేశారు కాబోలు అనుకున్నాను. మెడ దగ్గర రబ్బరు చుట్ట కూడా ఉంది. అదీ నాకు వింతగా తోచలేదు. ఉప్పుగాలికి ఇక్కడ ఏ ఇనుమూ నిలవదు, ఈ దీవుల్లో ప్రతి బండిలోనూ ఏదో ఒకచోట రబ్బరు చుట్టే ఉంటుంది. తుడిచి, ముంచి, తీసి చూశాను. నూనె సరిగ్గా రెండు గీతల మధ్య ఉంది. చక్కగా ఉంది.

"ఆయిల్ రోజూ తగ్గుతోందా?" అని అడిగాను.

"రోజూ కాదుగానీ, రెండ్రోజులకోపాలి తక్కువ సూపిస్తాది," అన్నాడు తండ్రి. "పొద్దున్న లెగిసి నానే సూసి పోస్తాను. దీన్ని ముట్టుకోనివ్వను. బోటుకాడ కూడా అంతే, ఎవుడు నడిపినా నూనె మాత్రం నానే సూడాలి."

వేటకెళ్ళే మనవాళ్ళకి అది పట్టింపు. నడిసముద్రంలో ఇంజన్ ఎండితే ఒడ్డుకి చేర్చేవాడుండడు. ఇంట్లో పెద్దవాడు పుల్ల చూసి, తక్కువుంటే నూనె పోసి, గంగమ్మకి దణ్ణం పెట్టి అప్పుడు ఇంజన్ తిప్పుతాడు. నాకు తెలిసిన సంగతే కాబట్టి తలూపాను. పైగా నాకు కావలసిన సాక్ష్యం దొరికిపోయింది. పొగొస్తోంది, ప్లగ్గులు తడుస్తున్నాయి, పోసిన నూనె పోసినట్టు అయిపోతోంది. ఇంకేం కావాలి.

"రింగులు పోయాయి," అన్నాను. పిస్టన్ చుట్టూ ఉండి నూనెని మంటలోకి పోనివ్వకుండా ఆపేవి అవే.

"రింగ్ నహీ, సీల్ హై," అన్నాడు మా తమిళ భయ్యా వెంటనే. నేను కుడి అంటే ఆయన ఎడమ అనకపోతే ఆ రోజు ఆయనకి అన్నం అరగదు. వాల్వులకి ఉండే రబ్బరు సీళ్ళు అరిగి, పైనుంచి నూనె జారుతోందని ఆయన వాదన. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ తెచ్చి పెట్టాడు. మూడు సిలిండర్లూ అన్నదమ్ముల్లా ఒకే లెక్క చూపించాయి, అదీ పుష్టిగా. "దేఖో, రింగులు ఏకదమ్ పహిల్వాన్," అని ఎగిరాడు.

"నూనె పట్టి ఉంటే గేజ్ బాగానే చూపిస్తుంది, నీకు తెలీదూ," అని నేను ఎగిరాను.

అలా ఇద్దరం గొంతులు చించుకుంటుంటే, మధ్యలో ఆ పిల్ల నెమ్మదిగా అడిగింది.

"రింగులైనా సీళ్ళైనా, మండేకి అవుతుందా అంకుల్?"

ఇద్దరం నోరుమూసుకున్నాం. ఏదైనా ఇంజన్ దించాల్సిందే. ఆ సామాను ఈ ఊళ్ళో దొరకదు. చెన్నై నుంచో వైజాగ్ నుంచో షిప్పులో రావాలి. షిప్పు ఎప్పుడొస్తుందో ఆ షిప్పు కెప్టెన్‌కే తెలియదు. విమానంలో వచ్చేవాళ్ళెవరైనా సంచిలో వేసుకొస్తారేమోనని అందరినీ అడగాలి. సోమవారం మాట మర్చిపోవలసిందే.

"గేరు తప్పుగా వేస్తే రింగులు పోతాయా అంకుల్?" అని మళ్ళీ అడిగింది. ఈసారి గొంతు చిన్నది.

"ఇంజన్‌ని పీకి పీకి నడిపితే పోవచ్చమ్మా," అన్నాను.

వెధవ నోరు. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాననుకున్నాను. తండ్రి రెండు చేతులూ గాల్లోకెత్తి, "ఇన్నావా? నాను కాదు, మేస్త్రీ సెప్తన్నాడు," అన్నాడు. ఆ పిల్ల గుప్పిట విప్పి తాళంచెవిని నా బల్లమీద పెట్టి, రోడ్డు మీదికి నడిచి వెళ్ళిపోయింది. తండ్రి గొంతు తగ్గించి, "కొనేవోడు అడిగితే ఇంజన్ సంగతి సెప్పాలి గదా భయ్యా. ఇప్పి సూసి ఏటైందో సెప్పు. మాట పడకుండా అమ్ముతాను," అన్నాడు. మోసం చేసి అమ్మాలనుకోలేదు. మొండివాడే గానీ చెడ్డవాడు కాదు.

ఆ రోజంతా నాకు ఒకటే గుచ్చుకుంటూ ఉంది. మూడు ప్లగ్గులూ ఒక్కలా తడవడమేమిటి? రింగులు అరిగితే ఒకటి ముందు, ఒకటి వెనక అరుగుతాయి. ముగ్గురికీ ఒకేరోజు జ్వరం రాదు కదా. కానీ మా తమిళ భయ్యా ముందు ఆ మాట అంటే ఓడిపోయినట్టే. అందుకని అనలేదు. ఆయనా ఏదో గొణుక్కుంటూనే ఉన్నాడుగానీ ఆయనా అనలేదు.

శుక్రవారం పొద్దున్న ఇంజన్ దించడానికి సిద్ధమయ్యాం. దించేముందు ఆయిల్ ఖాళీ చెయ్యాలి. మా తమిళ భయ్యా బండి కింద దూరి, ఇంజన్ అడుగున నూనె నిలిచే చాంబర్ బోల్టు విప్పి, నూనె పట్టే గిన్నె పెట్టాడు. పాత డబ్బా అడ్డంగా కోసి చేసుకున్న గిన్నె అది. ఆ సైజు బండికి సరిపోయి ఇంకా ఖాళీ మిగులుతుంది. నేను బల్ల దగ్గర పానాలు ఏరుకుంటున్నాను.

"భయ్యా," అని కిందనుంచి వినిపించింది. "దూస్‌రా బర్తన్."

"ఇంకో గిన్నె ఎందుకు?"

"దూస్‌రా బర్తన్ దో నా." తర్వాత తమిళంలో ఒక మాట.

వంగి చూశాను. గిన్నె నిండిపోయింది. అంచు దాటి నేల మీదికి పారుతోంది. బోల్టు దగ్గర ధార ఏమాత్రం సన్నబడలేదు. ఆయన బొటనవేలితో ఆపాలని చూస్తుంటే, నూనె మోచేతి దాకా కారి చంకలోకి పోతోంది. నేను టీ గ్లాసులు కడిగే బక్కెట్టు పట్టుకుని పరిగెత్తాను. అది కిందకి తోసేలోపు నూనె నా చెప్పుల కిందికి వచ్చింది. చాతం రంపపు మిల్లు నుంచి తెచ్చిన పొట్టు బస్తా ఎప్పుడూ మూల ఉంటుంది, నేలమీద నూనె పడితే చల్లడానికి. బస్తా మొత్తం బోర్లించాను. పొట్టులో కాలు జారి కూర్చుండిపోయాను. మా తమిళ భయ్యా బండి కిందనుంచి నెత్తిన పొట్టుతో, ఒంటినిండా నూనెతో పాక్కుంటూ బయటికొచ్చాడు. ఒకరినొకరు చూసుకున్నాం. బక్కెట్టులో ఇంకా కారుతూనే ఉంది.

"ఇత్‌నా తేల్," అన్నాడాయన నోరెళ్ళబెట్టి.

నా బుర్రలో లైటు వెలిగింది. ఇన్నేళ్ళ పనిలో అలా వెలగడం వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. చాంబర్‌లో నూనె అంతెత్తున ఉంటే అక్కడ తిరిగే క్రాంక్ దాన్ని కవ్వం మజ్జిగని చిలికినట్టు చిలుకుతుంది. నురుగొస్తుంది. లోపల గాలి ఒత్తిడికి ఆ నూనె, గాలి బయటికి పోయే బ్రీదర్ పైపులోంచి ఎగదన్ని, ఇంజన్ పీల్చే గాలిలో కలిసి, నేరుగా మంటలోకి పోతుంది. మూడు సిలిండర్లలోకీ ఒక్కలా పోతుంది. మూడు ప్లగ్గులూ ఒక్కలా తడుస్తాయి. రింగులూ కాదు, సీళ్ళూ కాదు. ఆ ఇంజన్ నూనె తాగడం లేదు. పాపం, దాని నోట్లో మనమే కుక్కుతున్నాం.

బ్రీదర్ పైపు లాగి చూశాను. లోపల జిడ్డు కారిపోతోంది. గాలి ఫిల్టరు విప్పితే తడిసిన దోసెలా ఉంది. నేను కేక పెట్టాను. ఎదురుగా టీ కొట్టువాడు ఎవరికో దెబ్బ తగిలిందనుకుని పరిగెత్తుకొచ్చాడు.

"మరి నిన్న పుల్ల సరిగ్గా చూపించిందే," అన్నాడు మా తమిళ భయ్యా హిందీలో. ఇద్దరం ఒకేసారి బల్ల మీదున్న పుల్లని చూశాం.

చాంబర్ బోల్టు బిగించి, కంపెనీ లెక్క ప్రకారం ఎంత పొయ్యాలో అంతే కొత్త ఆయిల్ కొలిచి పోశాను. కాసేపాగి, ఆ పుల్ల తుడిచి, ముంచి, తీశాను. పొడిగా ఉంది. కొసకి చుక్క నూనె అంటలేదు. మళ్ళీ ముంచాను. పొడి. షెడ్డు వెనక అదే రకం వ్యాను ఒకటి తుప్పుపట్టి తీగలల్లుకుని పడి ఉంటుంది. మా తమిళ భయ్యా పొదల్లోకి దూరి, దాని డిప్ స్టిక్ పీక్కొచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టాం. మనదాంట్లో ఉన్నది రెండు వేళ్ళు పొట్టి.

ఆ పొట్టిపుల్ల నూనెని అందుకోలేక "తక్కువుంది, తక్కువుంది" అని చెప్తూనే ఉంది. ఆయన పోస్తూనే ఉన్నాడు. అది తడిసేసరికి చాంబర్ గొంతుదాకా నిండిపోయింది. మేం రింగుల్ని అనుమానించాం, సీళ్ళని అనుమానించాం, ఆ పిల్ల క్లచ్చు తొక్కడాన్ని కూడా అనుమానించాం. కొలిచే పుల్లని మాత్రం ఎవరం కొలవలేదు. ఇద్దరు పండితులం, వయసులు కలిపితే నూరు దాటుతాయి.

అప్పుడు ఆ ఎర్రదారం మళ్ళీ చూశాను. బండి పూజలో దారం స్టీరింగుకి కడతారు, అద్దానికి కడతారు. నూనెపుల్లకి ఎవరు కడతారు? గంగమ్మ పూజనాడు బోటులో కొయ్యకీ ఇంజన్‌కీ పసుపు రాసి దారం చుట్టేవాళ్ళు కడతారు.

ఫోన్ చేశాను. తండ్రీ కూతురూ ఆటోలో వచ్చారు. ఆ పిల్ల చేతుల దగ్గర చేపల వాసన, అప్పుడే కత్తిపీట ముందు నుంచి లేచి వచ్చినట్టుంది. నేను పుల్ల ఎత్తి చూపించాను.

"తమ్ముడూ, ఇదెక్కడిది?"

అతని మొహం వెలిగిపోయింది. "అది నా బోటు పుల్ల. పాత ఇంజన్ది. ఆ ఇంజన్ తుక్కు కింద ఎల్లిపోనాది గానీ పుల్ల ఉంచుకున్నాను. ఎంత తుపానులోనైనా అది నాతో ఒక్కపాలి అబద్దమాడ్నేదు."

"వ్యానుది ఏమైంది?"

ఇప్పుడు మొహం కిందికి దిగింది. కూతురివైపు చూడకుండా చెప్పాడు. పిల్ల కొత్తగా బండి పట్టిన రోజుల్లో చాతం నుంచి బ్యాంబూఫ్లాట్ వెళ్ళే ఫెర్రీలో బండి ఎక్కించారు. పిల్ల టికెట్టుకి వెళ్ళింది. ఇది ఎలా నడిపిందో, నూనె ఎంత తాగించిందో చూద్దామని ఈయన సీటెత్తి పుల్ల లాగాడు. లోపల చీకటి. వెలుతురులో గీత చూద్దామని కమ్మీ దగ్గరికి వచ్చి లుంగీకి తుడుస్తుంటే ఫెర్రీ కుదిపింది. పుల్ల సముద్రంలో పడిపోయింది. సముద్రం మీద పుట్టి పెరిగినవాడు చేతిలో ఉన్నది నీళ్ళపాలు చేసుకున్నానని ఎవరికి చెప్పుకుంటాడు? ఇంటికొచ్చి బోటు పుల్లకి రబ్బరు చుట్టి దూర్చేశాడు.

నేను రెండు పుల్లలూ ఒకదాని పక్కన ఒకటి బల్లమీద పెట్టి, గిన్నె, బక్కెట్టు, పొట్టు మేట చూపించాను. అతను రెండు పుల్లల మీదా వేళ్ళు ఆనించి కొలుచుకున్నాడు. బోటువాడికి కొలత అర్థం కాకపోవడమంటూ ఉండదు. చాలాసేపు ఆ రెండు వేళ్ళూ అక్కడే ఉంచాడు.

"అయితే గేర్ కాదు," అంది ఆ పిల్ల.

"కాదమ్మా. నిన్న నేనన్నది కూడా తప్పే," అన్నాను.

ఆమె తండ్రివైపు తిరిగింది. అరవలేదు. "పొగొచ్చిన రోజు నుంచీ ఆ పుల్లనే అడుగుతున్నావు నాన్నా. బండి నడిపేది నేను కదా. నన్ను ఒక్కపాలి అడిగితే, గుంటలో పడితే చాంబర్లోంచి బరువుగా గుడగుడమంటోందని చెప్పేదాన్ని కదా."

అతను తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మా తమిళ భయ్యాకి తెలుగు అర్థం కాదు, అయినా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

పని ఇంకా అయిపోలేదు. కారణం దొరికింది గానీ ఇంజన్ బాగుందని ఎవరు చెప్పాలి? అన్నాళ్ళు నూనెలో ఉడికి నిజంగానే ఏదైనా పాడైందేమో. ప్లగ్గులు తోమి ఆరబెట్టాం. బ్రీదర్ కడిగాం. కొత్త ఫిల్టరు వేశాం. పొదల్లోంచి తెచ్చిన పుల్ల శుభ్రం చేసి పెట్టాం. అయ్యేసరికి మధ్యాహ్నం తిరిగింది. ఇక్కడ పొద్దు తొందరగా వాలిపోతుందని మీకు చెప్పక్కర్లేదు.

తాళంచెవి ఆ పిల్లకే ఇచ్చాను. నేను పక్కన కూర్చున్నాను. తండ్రి ఎప్పుడూ ముందు కూర్చునేవాడు కాస్తా వెనక ఎక్కాడు. తిప్పింది. ఇంజన్ అందుకుంది. వెనకనుంచి గుప్పుమని పొగ వచ్చింది, నిన్నటికంటే ఎక్కువ. ఆ పిల్ల చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి.

"పోనీ తల్లీ, ఆగకు. గొట్టంలో పాత నూనె కాలాలి," అన్నాను. పైకి ధైర్యంగానే అన్నాను. లోపల దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాను.

ఎత్తు రోడ్డు ఎక్కించింది. పొగ. మలుపు తిరిగింది. పొగ. నేను తల బయటపెట్టి వెనక్కే చూస్తున్నాను. వెనక స్కూటరు వాడు ఏదో తిట్టి దాటేశాడు. రెండో ఎత్తు దగ్గర ఆ పిల్ల గేరు మార్చింది, మీరు చూడాలి, వెన్న కోసినట్టు మార్చింది. ఇంజన్ గొంతు మారింది. ఆ మూలుగు పోయింది. పొగ సన్నబడింది. ఇంకో మలుపు, ఇంకా సన్నబడింది. ఎత్తు పైకి ఎక్కేసరికి వెనక రోడ్డు స్పష్టంగా కనిపించింది, కింద సముద్రం కూడా కనిపించింది.

"లేదు," అన్నాను. "పొగ లేదు."

"సచ్?" అంది.

"ఒట్టు."

ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. నడుపుతూనే ఏడ్చింది, చెయ్యి స్టీరింగు మీంచి తియ్యలేదు. నేనూ ముక్కు చీదుకున్నాను. వెనకనుంచి తండ్రి, "బ్రేకు సూసుకో అమ్మా, దిగుడు," అన్నాడు. నేను విన్నంతలో ఆ రెండ్రోజుల్లో అతను కూతుర్ని అమ్మా అనడం అదే మొదలు. షెడ్డుకి తిరిగొచ్చేసరికి మా తమిళ భయ్యా రోడ్డు మధ్యలో నిలబడి, పొగ లేని బండిని చూసి రెండు చేతులూ ఊపుతున్నాడు. సీళ్ళ మాట గుర్తుచేద్దామనుకున్నానుగానీ, ఆయన రింగుల మాట గుర్తుచేస్తాడని ఊరుకున్నాను.

సోమవారం స్కూలు దగ్గరికి నేనెందుకు వెళ్ళానంటే, అరటిపళ్ళు కొనడానికి. మా ఇంటి పక్కనే అరటిపళ్ళు దొరుకుతాయి కదా అని మా ఆవిడ అడిగింది, నేను చెప్పులేసుకున్నాను. గేటు దగ్గర స్కూలువాళ్ళు ఇద్దరు బండి చుట్టూ తిరిగారు. ఒకాయన జేబురుమాలు తీసి ఇంజన్ నడుస్తుండగా పొగగొట్టం దగ్గర కాసేపు పట్టుకుని, మడత విప్పి రెండోవాడికి చూపించాడు. జేబురుమాలు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అంటే మరక పడలేదనే కదా. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కేశారు. నేను కొన్న అరటిపళ్ళు అక్కడే పంచేశాను.

తర్వాత నేను రిటైరయ్యాను. ఆ పొట్టిపుల్లని తండ్రి తీసుకెళ్ళలేదు. "అది బోటుకాడ మంచిది, ఇక్కడ కాదు. అదెక్కడుండాలో దానికి తెల్దు గదా," అని షెడ్డులోనే వదిలేశాడు. మా తమిళ భయ్యా దాన్ని గోడకి తగిలించి, ఇప్పటికీ వీపు గోక్కోడానికి వాడుకుంటున్నాడు.

ఇక నేను చెప్పాలనుకున్న ముక్క ఇదీ. మొన్నామధ్య పొద్దున్నే మిన్నీ బే ఒడ్డున నడుస్తున్నాను. అతని బోటు వేటకి బయలుదేరుతోంది. అతను మోకాలిలోతు నీళ్ళలో నిలబడి బోటు తాడు పట్టుకుని ఉన్నాడు. కూతురు స్కూలు ట్రిప్పుకి తయారై, అన్నం డబ్బా ఇవ్వడానికి ఒడ్డుకి వచ్చింది. మనవాళ్ళలో ఆడవాళ్ళు వేట బోటు ఎక్కరు. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, బోటు పక్కన నిలబడి సామాను అందిస్తారు, కాలు మాత్రం పెట్టరు. ఎందుకని ఎవరూ అడగరు.

"ఎక్కు," అన్నాడు.

ఆ పిల్ల అటూ ఇటూ చూసింది. ఒడ్డున వలలు సర్దుతున్నవాళ్ళు పని ఆపేశారు. "నేనా? బోటా?"

"నువ్వే. నూనె సూడాల. నా కళ్ళకి గీత ఆనట్నేదు."

అతని కళ్ళకేమీ కాలేదు. అంతకుముందే నన్ను అంత దూరం నుంచి పోల్చుకుని చెయ్యెత్తాడు. వలల దగ్గర ఒక ముసలాయన ఏదో అనబోయాడు. ఇతను ఆయనవైపు తిరిగి చూశాడు. ముసలాయన మళ్ళీ వల అందుకున్నాడు.

ఆ పిల్ల చెప్పులు ఒడ్డున విడిచి, నీళ్ళలో దిగి, తండ్రి భుజం పట్టుకుని బోటెక్కింది. ఇంజన్ దగ్గర వంగి, పుల్ల లాగి, చున్నీ కొంగుతో తుడిచి, ముంచి, తీసి వెలుతురుకి పట్టుకుని చూసింది. నీళ్ళపాలు కాకుండా పుల్లని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అతను నూనె డబ్బా మూత విప్పి పట్టుకుని, పొయ్యాలా వద్దా అన్నట్టు ఆమె మొహంకేసి చూస్తున్నాడు.

"సరిపోతుంది నాన్నా," అంది. "ఇంక పొయ్యకు."

అతను డబ్బా మూత బిగించాడు.